తాయప్ప, అలిగిన కంప్యూటర్లు

కౌల్ బజార్‌లో కార్లకు కరెంటు పని చేసే తాయప్పకు ఈ లోకంలో తెలిసిన రోగం ఒక్కటే. దాని పేరు అలక. ఏ కారు తెచ్చి ఆయన షెడ్డు ముందు నిలబెట్టినా, బానెట్ ఎత్తకముందే, చెవిమీది బీడీ తీసి చూసి మళ్లీ చెవిమీదే పెట్టుకుని, "కంప్యూటర్ అలిగిందప్పా" అనేవాడు. బండి స్టార్టు కాకపోతే అలక. నడిరోడ్డులో ఆగిపోతే అలక. తలుపు అద్దం కిందికి దిగకపోయినా, దిగింది పైకి ఎక్కకపోయినా అలకే. పెళ్లిపందిట్లో అల్లుడు అలగడం అందరూ చూసిందే. ఇంజన్‌ను నడిపించే అరచేతంత అల్యూమినియం డబ్బా కూడా అలుగుతుందని బళ్లారి జనానికి చెప్పినవాడు మాత్రం తాయప్పే.

చెప్పి ఊరుకున్నా బాగుండేది. ఆ తర్వాత ఒక ప్రశ్న ఉండేది. బండి యజమానిని కళ్లద్దాల పైనుంచి చూసి, "ఈ నడుమ ఈ బండిలో ఎవురినన్నా ఏడిపిచ్చినావా?" అని అడిగేవాడు. డాక్టరు నాలుక చాపమన్నంత మామూలుగా అడిగేవాడు. లేదంటే నమ్మేవాడు కాదు.

సిరుగుప్ప రైసుమిల్లు బసప్ప కారుకు ఒకసారి హెడ్‌లైట్లు వెలగడం మానేశాయి. తాయప్ప ప్రశ్న వినగానే బసప్ప గతుక్కుమన్నాడు. అంతకు ముందే సొంత అన్నను ఆ కారులో కూర్చోబెట్టుకుని, పొలం గట్టు తగాదా మీద నానా మాటలూ అని, దారిలో దింపేసి వచ్చాడు.

"మీయన్న ఇల్లు యాడ?" అన్నాడు తాయప్ప.

"ఈడే, బ్రూస్‌పేటలో."

"పోయి కాఫీ తాగి రా పో. బండి ఈడే ఉండనీ."

బసప్ప వెళ్లి అన్నతో కాఫీ తాగి, ఇద్దరూ కాసేపు కళ్లు తుడుచుకుని, తిరిగి వచ్చేసరికి లైట్లు ధగధగా వెలుగుతున్నాయి. ఆ మధ్యలో తాయప్ప ఒక ప్లగ్గు ఊడబీకి, అందులో పేరుకున్న ఎర్రదుమ్ము దులిపి, మళ్లీ బిగించాడు. ఆ సంగతి బసప్పకు చెప్పలేదు. తన కారు లైట్లు అన్న ఇచ్చిన కాఫీతోనే వెలిగాయని బసప్ప ఇప్పటికీ అందరికీ చెబుతాడు.

అవి బళ్లారిలో ఎవరికీ తీరిక లేని రోజులు. కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత ఉంది గానీ, ఆ రోజుల్లో సండూరు కొండను తవ్వితే ఎలుక దొరకలేదు, తెల్లటి పెద్ద కారు దొరికింది. నిన్నటిదాకా ట్రాక్టరు ఇంజన్ మీద కూర్చుని తిరిగినవాళ్లు కంప్యూటర్ ఉన్న కార్లెక్కారు. ఖనిజం లారీలు ఒకదాని వెనక ఒకటి ముక్కు ఆనించుకుని రేవు వైపు సాగాయి. రోడ్లు ఎర్రబడ్డాయి, చెట్లు ఎర్రబడ్డాయి, ఆరేసిన పంచెలు కట్టుకోకముందే ఎర్రబడ్డాయి. చైనావాడికి మన్ను కావాలట, అదీ పొద్దుగూకే లోపలే కావాలట అన్నట్టు ఊరు ఊరంతా ఉరుకులు పరుగులు పెట్టింది. అలాంటి ఊళ్లో నిదానంగా మాట్లాడే మనిషి ఒక్కడు మిగిలితే అతన్ని ఏమంటారు? పిచ్చి తాయప్ప అన్నారు.

పిచ్చి అనడానికి ఇంకో రెండు ఆధారాలు కూడా ఉన్నాయి. మొదటిది ఆయన స్కానరు. కారు కంప్యూటర్‌కు తగిలిస్తే లోపం ఎక్కడుందో తెర మీద చూపించే యంత్రం అది. బెంగళూరు వెళ్లి నేర్చుకుని, కొనుక్కొని తెచ్చుకున్నాడు. దాన్ని పసుపు గుడ్డలో చుట్టి పెట్టేవాడు, స్కానరు అనేవాడు కాదు, పెద్దమనిషి అనేవాడు. "అలిగినోళ్ల దగ్గరికి మనం పోతే పలుకుతారా? నడుమ పెద్దమనిషి ఉండల్ల," అని స్టీరింగు కింద దాని వైరు తగిలించి, రచ్చబండ దగ్గర తీర్పు వింటున్నవాడిలా చేతులు కట్టుకుని నిలబడేవాడు.

రెండో ఆధారం మిక్సీలు. షెడ్డు గోడకున్న అటక నిండా ఊళ్లోవాళ్ల మిక్సీలే. ముసలవ్వలు, నడివయసు తల్లులు, కొత్త కోడళ్లు, చంకలో మిక్సీ పెట్టుకుని వచ్చేవాళ్లు. బల్ల మీద కూర్చుని గొంతు తగ్గించి చాలాసేపు మాట్లాడేవాళ్లు. మిక్సీ అక్కడే వదిలి వెళ్లేవాళ్లు. తాయప్ప ఏనాడూ ఒక్క మిక్సీ అయినా విప్పిన పాపాన పోలేదు. కొన్నాళ్లకు ఎలా తెచ్చిన మిక్సీని అలాగే తీసుకుపోయేవాళ్లు. అయినా మళ్లీ కొత్తవాళ్లు వచ్చేవాళ్లు. మగవాళ్లకు ఇది ఎంతకీ అర్థమయ్యేది కాదు.

ఆ అర్థం కాని మగవాళ్లలో చక్రధర్ ఒకడు. వాళ్ల తాత సిరుగుప్ప దగ్గర కాలవ కింద వరి పండించాడు. తండ్రి లారీలు కొన్నాడు. చక్రధర్ ఆ లారీలను సండూరు గనులకు తిప్పుతూ, తన కోసం తెల్లటి పెద్ద కారు కొన్నాడు. మనసు మంచిదే. కానీ కాళ్లు నేల మీద నిలిచేవి కావు. టీ పొగలు పోకముందే తాగేవాడు, నాలుక కాల్చుకుని ఇంకో టీ చెప్పేవాడు. తాళి కట్టేటప్పుడు కూడా మూడో ముడి వేస్తూనే చెప్పుల కోసం వెతికాడని వాళ్ల అవ్వ హనుమక్క చెప్పి నవ్వుతుంది. ఇక హారన్ సంగతి చెప్పనక్కర్లేదు. దాని మీద చెయ్యి తీస్తే ఇంజన్ ఆగిపోతుందేమోనన్నంత భయంతో నొక్కేవాడు.

పెళ్లయిన ఏడాదికి భార్య అనుపమను సండూరు కుమారస్వామి గుడికి తీసుకుపోయాడు. మేనమామ కూతురే, బావా అని పిలుస్తుంది. పోయేటప్పుడు ఆమె "నిదానం బావా" అంది. "నిదానమే కదా పోతాండేది" అన్నాడు. ముల్లు నూటిరవై దగ్గర ఊగుతోంది. తిరిగి వచ్చేటప్పుడు ముందు రెండు ఖనిజం లారీలు అడ్డం వచ్చాయి. రెండింటినీ ఒకే ఊపులో దాటబోయాడు. ఎదురుగా దుమ్ములోంచి మూడోది దిగబడింది. చక్రధర్ హారన్ మీద పడి, కారును రోడ్డు కిందికి తోసి, కంకరలో జారి, ఒక తుమ్మచెట్టుకు జానెడు దూరంలో ఆగాడు. లారీలు ఆగలేదు, వాటికీ తొందరే. చక్రధర్ కారు హారన్ మాత్రం ఆగకుండా మోగి మోగి, గొంతు బొంగురుపోయి, చివరికి చచ్చిపోయింది.

అనుపమ ఏడ్చింది. ఆ తర్వాత కళ్లు తుడుచుకుని, చీర దులుపుకుని, కారు దిగింది.

"యాడికి?" అన్నాడు చక్రధర్.

"బస్సుకు. నువ్వు పోయే చోటికి నువ్వు పో బావా. అంత జల్దీగా నేను పోలేను."

బస్సెక్కి బళ్లారి, అక్కడ ఇంకో బస్సెక్కి సిరుగుప్ప, పుట్టింటికి వెళ్లిపోయింది. చక్రధర్ ఫోన్ చేస్తే ఒకటే అడిగేది. "ఇప్పుడు యాడుండావు?" కారులో అనేవాడు. "ఎంతలో పోతాండావు?" అతను ముల్లు వైపు చూసి ఏదో ఒక అంకె చెప్పేలోగా వెనకనుంచి గాలి హోరు ఆమెకు వినబడేది. ఫోన్ పెట్టేసేది. అనుపమ తల్లి మధ్యలో కల్పించుకుని, "కొన్నాళ్లు పోనీ నాయనా" అంది. కొన్నాళ్లు పోనివ్వడమే చక్రధర్‌కు చేతకాని పని. ఇల్లు బోసిపోయింది. కాలు కాలిన పిల్లిలా గదుల్లో తిరిగాడు. ఆమె లేకుండా ఉండలేనని అప్పుడే అతనికి తెలిసింది, కానీ ఎలా తెచ్చుకోవాలో తెలియలేదు.

ముందు చచ్చిపోయిన హారన్ పని చూద్దామని కారును తాయప్ప షెడ్డులో వదిలాడు. వాళ్ల లారీల కరెంటు పని ఎప్పటినుంచో ఆయనదే. మర్నాడు సాయంత్రం బండి తెచ్చుకోవడానికి వెళ్తే అటక మీద తమ ఇంటి మిక్సీ కనిపించింది.

"ఇది మాది కదన్నా?"

"మీ అవ్వ తెచ్చిచ్చింది. తిరగడంల్యా అంట."

"నువ్వేమో బాగు చెయ్యవు, ఆయమ్మేమో తెస్తాది," అని విసుక్కుని, కొత్త హారన్ రెండుసార్లు మోగించి చూసుకుని, చక్రధర్ బయల్దేరాడు.

మోతీ సర్కిల్ దాటాక కాలు అదిమాడు. కారు కదిలింది గానీ పరుగెత్తలేదు. డాష్‌బోర్డు మీద పసుప్పచ్చటి దీపం ఒకటి వెలిగింది. ముల్లు నలభై దగ్గరకు చేరి, ఇక నావల్ల కాదన్నట్టు కూర్చుంది. కాలు ఎంత తొక్కినా నలభయ్యే. మర్నాడు గని దగ్గరికి అలాగే బయల్దేరాడు. గడ్డి ట్రాక్టరు అతన్ని దాటిపోయింది. పాలక్యాన్ల మోపెడ్ దాటిపోయింది. ఊరందరినీ హారన్‌తో తరిమిన చక్రధర్ వెనక ఒక ఖనిజం లారీ చేరి, సండూరు దాకా అతన్ని హారన్‌తో తరిమింది. ఆ డ్రైవరు దాటిపోతూ తల బయట పెట్టి, "ఏందప్పా, ఎడ్లు కట్టుకోని పోతాండావా?" అన్నాడు. ఆ లారీ చక్రధర్‌దే. ఆ దుమ్ములో సొంత యజమానిని వాడు గుర్తుపట్టలేదు.

అరికాలి మంట నెత్తికెక్కి చక్రధర్ నేరుగా తాయప్ప దగ్గరికి వచ్చాడు. నేరుగా అంటే నలభైలోనే.

"హారన్ బాగు చెయ్యమంటే బండిని కుంటిది చేసిస్తివే."

తాయప్ప బీడీ తీసి చూసి మళ్లీ పెట్టుకున్నాడు. "కంప్యూటర్ అలిగిందప్పా."

"ఆ కత నాకు చెప్పొద్దు."

"కత కాదు, విను." తాయప్ప పసుపు గుడ్డ విప్పి పెద్దమనిషిని తగిలించాడు. "నువ్వు కాలితో తొక్కుతావే పెడల్, ఆడనుంచి కంప్యూటర్‌కు రెండు దారుల్లో కబురు పోతాది. రెండు వైర్లు. ఎంత తొక్కినావో రెండూ ఒకటే మాట చెప్పల్ల. ఒకటి ఒక తీరు, ఇంకోటి ఇంకో తీరు చెప్తే కంప్యూటర్ ఎవురి మాటా నమ్మదు. వీళ్లిద్దరికీ పడటంల్యా, నేను ఎక్కువ ఉరకను, నిదానంగా ఇల్లు చేరుస్తా అంటాది. అలిగినోడు అన్నం మానేస్తాడు. ఇది పరుగు మానేస్తాది. అంతే తేడా."

"అయితే ఆ వైర్లు బాగు చెయ్యి."

"వైర్లకేముండాది. ఈ నడుమ ఈ బండిలో ఎవురినన్నా ఏడిపిచ్చినావా?"

"లేదు," అన్నాడు చక్రధర్ చటుక్కున.

తాయప్ప తెర వైపు చూశాడు. తర్వాత చక్రధర్ వైపు చూశాడు. మళ్లీ తెర వైపు చూశాడు. "పెద్దమనిషి వేరే మాట చెప్తాండాడే," అన్నాడు.

చక్రధర్ షెడ్డులో ఈ చివరినుంచి ఆ చివరికి నడిచాడు. ఒక రింగు స్పానరు తీసి, ఎందుకు తీశాడో తెలియక పెట్టేశాడు. "ఏడ్చింది," అన్నాడు చివరికి. "ఇప్పుడేం చెయ్యమంటావు?"

"పోయి పిల్చకరా."

"పిలిస్తే వస్తాదా? ఈ బండి ఎక్కనంది."

"ఇప్పుడిది ఆ బండి కాదు కదప్పా. నలభై బండి. పో. దావలో అలిగితే పక్కన నిలిపి, తాళం తిప్పి బంద్ చేసి, ఒక గుటక నీళ్లు తాగి, మళ్లీ తిప్పు. పరుగెత్తి పాలు తాగేకన్నా నిలబడి నీళ్లు తాగేది మేలన్నారు, యాడా వినలేదా?"

వినకేం, చిన్నప్పటినుంచీ విన్నాడు. కారు రిపేరు కోసం ఎవరైనా సామెత రాసిస్తారని మాత్రం అనుకోలేదు. కంపెనీ షోరూముకు ఫోన్ చేస్తే బళ్ల రద్దీ ఎక్కువగా ఉంది, వచ్చే వారం తెమ్మన్నారు. వచ్చే వారం అనే మాట చక్రధర్ చెవికి ఎక్కదు. అందుకని తాయప్పను తిట్టుకుంటూనే, మర్నాడు పొద్దున అనుపమకు ఫోన్‌లో చెప్పి, రెండు నీళ్ల బాటిళ్లు కొనుక్కుని సిరుగుప్ప దారి పట్టాడు.

ఆ దారి అతను వెయ్యిసార్లు పోయాడు గానీ ఏనాడూ చూడలేదు. నలభైలో పోతుంటే అన్నీ కనబడ్డాయి. కాలవలో నీళ్లు కనబడ్డాయి. నాట్లు వేస్తున్న ఆడవాళ్లు నడుములెత్తి, ఇంత పెద్ద కారు ఇంత మెల్లగా పోతోందేమని చూశారు. ఒకామె ఎవరో పెద్దాయన శవం తీసుకుపోతున్నారనుకుని చేతులు జోడించింది. చక్రధర్ స్టీరింగు మీద వేళ్లతో దరువేసుకుంటూ, పళ్లు నూరుకుంటూ, అలాగే పోయాడు.

అత్తగారింటి వాకిట్లో దిగేసరికి అనుపమ గడపలో నిలబడి ఉంది.

"పొద్దున బయల్దేరినా అంటివి. ఇప్పుడా వచ్చేది?"

"నలభైలో వచ్చినా."

"నువ్వా?"

"కంప్యూటర్ అలిగింది," అన్నాడు, తన నోటినుంచి ఆ మాట వచ్చినందుకు తనకే సిగ్గేసింది. "నా మీద. నిన్ను ఏడిపిచ్చినానని." ఆగి, కాలితో నేల గీరి, "అది అలగడం న్యాయమే. ఆ పొద్దు నాకూ బయమేసింది అనూ. చెప్పుకోలేకపోయినా," అన్నాడు.

అనుపమ లోపలికి వెళ్లి సంచి తెచ్చుకుంది. సంచి సర్దే ఉంది. కారెక్కి, ఎడమ సీట్లో సర్దుకుని, కిందపడిన చీర కుచ్చెళ్లు సరిచేసుకుంది. చక్రధర్ తాళం తిప్పాడు. పచ్చదీపం వెలగలేదు. కాలు మోపితే కారు లేడిపిల్లలా లేచింది.

చక్రధర్‌కు వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. "చూసినావా? నువ్వు ఎక్కుతూనే అలక తీరింది," అన్నాడు. అనుపమ కిటికీలోంచి వరిమళ్లు చూస్తూ, "మంచి కంప్యూటరే," అంది.

ఆ ఆనందంలో ముల్లు డెబ్బై దాటింది. పచ్చదీపం టక్కున వెలిగింది. కారు మళ్లీ నలభైకి వచ్చింది. పక్కన నిలిపి, తాళం బంద్ చేసి, నీళ్లు తాగి, మళ్లీ తిప్పాడు. దారిన పడింది. ఇంకో ఊరు దాటాక మర్చిపోయి కాలు అదిమాడు, మళ్లీ అలక, మళ్లీ నీళ్లు. బళ్లారి చేరేసరికి బాటిళ్లు ఖాళీ అయ్యాయి. అంతకంటే విచిత్రం, చక్రధర్ కాలు డెబ్బై దగ్గర దానంతటదే తేలికపడటం నేర్చుకుంది.

ఆ వారమంతా అతను కనబడినవాడికల్లా ఈ మహిమ చెప్పాడు. తాయప్ప మామూలు మనిషి కాదన్నాడు. విన్నవాళ్లు చక్రధర్‌కూ పట్టిందిరా పిచ్చి అనుకున్నారు.

వచ్చే వారం రానే వచ్చింది. సర్వీసుకు కారును షోరూములో వదిలాడు. అక్కడి ఇంజనీరు మంజుశ్రీ లాప్‌టాప్ తగిలించి, వైర్ల వెంట వేలు నడిపించుకుంటూ పోయి, ఎడమ సీటు కింద తల పెట్టి, చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక చక్రధర్‌ను పిలిచింది.

"సార్, కంప్యూటర్ చెన్నాగిదె. ఏ రోగమూ లేదు. దానికి ఎవరో అబద్ధం చెప్తున్నారు."

"అంటే?"

ఆమె సీటు కింద చెయ్యి పెట్టించింది. వేలి కొసకు చిన్న స్విచ్చి తగిలింది. "పెడల్ నుంచి వచ్చే రెండు వైర్లలో ఒకదాన్ని ఇక్కడిదాకా తిప్పారు సార్. ఈ స్విచ్చి నొక్కితే ఆ వైరు వేరే లెక్క చెప్తుంది. కంప్యూటర్ పాపం నమ్మేసి బండిని నలభైకి తెస్తుంది. వైర్లు అతికిన టాంకా చాలా నీట్‌గా వేశారు. ఎడమ సీట్లో ఎవరు కూర్చుంటారు సార్?"

చక్రధర్ సీటు కిందినుంచి చెయ్యి తీసుకున్నాడు. తీసెయ్యమంటారా అని ఆమె అడిగితే వద్దన్నాడు. చేసినవాడి చేతే తీయించాలనుకున్నాడు. కొత్త హారన్ మోగించుకుంటూ, ఊళ్లోనే ముల్లును ఎక్కడికో తీసుకుపోతూ, కౌల్ బజార్ సందులో ఆటోలను పక్కకు తోసుకుంటూ షెడ్డు ముందు దిగాడు. పదిమందిలో నవ్వులపాలయ్యానని అతని బాధ. తనని చిన్నపిల్లాడిని చేసి ఆడించారని కోపం. మంత్రం అనుకున్నది సీటు కింది స్విచ్చి అయినందుకు దిగులు కూడా.

నేరుగా అటక మీదినుంచి తమ మిక్సీ దించి, ప్లగ్గులో పెట్టి, మీట తిప్పాడు. అది షెడ్డు అదిరేలా గిర్రున తిరిగింది.

"తిరగడంల్యా అంటివే," అన్నాడు.

తాయప్ప బీడీ కోసం చెవి తడుముకున్నాడు. దొరికింది గానీ తీయలేదు. "తిరుగుతాది. అన్నీ తిరుగుతాయి. ఈడికి ఆడోళ్లు వస్తే మొగోళ్లు ఎందుకని అడుగుతారు కదప్పా. చేతిలో మిక్సీ ఉంటే ఎవురూ అడగరు."

"మా అవ్వ వచ్చి చెప్పిందా?"

"ఆయమ్మ వచ్చింది. మనమడు సచ్చిపోతాడు తాయప్పా, ఎట్లన్నా ఆపు అని ఆ బల్ల మీద కూసోని ఏడ్చింది. బండి నీకిచ్చేటప్పుడే స్విచ్చి నొక్కి పెట్టినా, ఎక్కుతూనే దాన్ని తియ్యమని నీ పెండ్లాంకు ఫోన్‌లో నేనే చెప్పినా. ముందర బండి ఉన్నెప్పుడు, దాటేటప్పుడు ముట్టుకోవద్దమ్మా, ఖాళీ రోడ్డులో డెబ్బై మీద పోతే నొక్కు అని."

"ఎంతమంది బండ్లకు పెట్టినావు?"

"ఎన్ని మిక్సీలుండాయో అంతమందికి."

చక్రధర్ అటక వైపు చూసి నోరు తెరిచాడు. అందులో కొన్ని మిక్సీలు అతని స్నేహితుల ఇళ్లవి.

"మరి నన్ను ఎవురిని ఏడిపిచ్చినావని ఎందుకడిగితివి? నీకు తెలుసు కదా."

"నాకు తెలుసు. నీకు తెలుసో లేదో అని అడిగినా."

తాయప్ప లేచి మూలనున్న గోనెపట్టా తొలగించాడు. దాని కింద అల్యూమినియం డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి. కార్ల కంప్యూటర్లు. "ఇవన్నీ సండూరు దావలో నుజ్జయిన బండ్లవి. తుక్కుకు పోతాంటే విప్పుకొస్తిని. బండిలో ఏమీ మిగల్దు, ఇది మాత్రం గీత పడకుండా బాగుంటాది. పెద్దమనిషిని తగిలిస్తే ఆఖర్న ఎంతలో పోతాండెనో చెప్తాది కొన్నిట్లో. చదివినాను నేను ఆ అంకెలు. ఇంక చదవలేనప్పా. అందుకని పిచ్చోడనిపించుకున్నా ఫరవాలేదనుకున్నా." తన మాట మరీ పెద్దదయిందని ఆయనకే అనిపించినట్టుంది. గోనెపట్టా కప్పేసి, స్క్రూడ్రైవరు తీసుకుని కారు వైపు నడిచాడు. "అయినా నీ బండి, నీ ఇష్టం. నిన్ను అడక్కుండా చేసింది తప్పే. తీసేస్తా, తలుపు తెరువు."

చక్రధర్ కదల్లేదు. షెడ్డులోకి వచ్చినప్పటినుంచీ దడదడా ఊగుతున్న అతని కాలు నిలిచిపోయింది. ఆ తుమ్మచెట్టు గుర్తొచ్చింది. బల్ల మీద కూర్చుని ఏడ్చిన అవ్వ గుర్తొచ్చింది. కోపం ఎక్కడ పోయిందో వెతుక్కున్నాడు, దొరకలేదు. ఈ మనిషి మీద చెప్పలేనంత ప్రేమ మాత్రం వచ్చి కూర్చుంది.

"ఉండనీలే అన్నా," అన్నాడు. "ఇప్పుడు తీసేస్తే కంప్యూటర్ అలుగుతాది."

తాయప్ప స్క్రూడ్రైవరు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తన మాట ఇంకొకరి నోట వినడం ఆయనకు అలవాటు లేదు.

మిక్సీని చంకలో పెట్టుకుని చక్రధర్ ఇంటికి వెళ్లాడు. హనుమక్క గుమ్మంలోనే, మిక్సీనీ మనవణ్ణీ మార్చి మార్చి చూసి, "బాగైందా?" అంది. "బాగైంది అవ్వా," అన్నాడు. ఏది బాగైందో ఇద్దరూ విడమరచి మాట్లాడుకోలేదు. స్విచ్చి సంగతి తనకు తెలుసని అనుపమకు చెప్పలేదు. అవ్వకూ చెప్పలేదు. ఇంట్లో అందరూ ఒకరికి తెలియకుండా ఒకరు సుఖంగా ఉన్నారు.

అంతా బాగానే ఉంది గానీ ఒక కొత్త రోగం మొదలైంది. సాయంత్రం అనుపమతో బయటికి వెళ్తే, ముల్లు ముప్పై మీద కూడా లేకపోయినా, సరిగ్గా పక్కీరమ్మ మిరపకాయ బజ్జీల బండి ఎదురుగా పచ్చదీపం వెలిగేది. చక్రధర్ కారు పక్కన నిలిపి, తాళం బంద్ చేసి, నీళ్లు తాగి, "ఈ కంప్యూటర్‌కు ఏం కావాలంట?" అని అడిగేవాడు. అనుపమ కిటికీ వైపు తిరిగి, "నాకేం తెలుసు బావా, తాయప్పన్ననే అడుగు," అనేది. అతను దిగి రెండు పొట్లాలు బజ్జీలు, బొరుగులు తెచ్చేవాడు. తిన్నాక దీపం ఆరిపోయేది.

ఒకరోజు నిజంగానే వెళ్లి తాయప్పను అడిగాడు. అన్నీ వివరంగా చెప్పాడు. ఏ చోట, ఏ వేళ, ఎంత వేగంలో, తర్వాత ఎలా తగ్గింది అన్నీ. తాయప్ప బీడీ తీసి చూశాడు, మళ్లీ చెవిమీద పెట్టుకున్నాడు. పెద్దమనిషి వైపు చేయి చాపి, అక్కర్లేదనుకుని వెనక్కి తీసుకున్నాడు.

"అది అలక కాదప్పా," అన్నాడు. "ఆకలి."

కౌల్ బజార్‌లో షెడ్డు పెట్టినప్పటినుంచీ తాయప్ప ఇంకో రోగం పేరు చెప్పడం అదే మొదలు. చక్రధర్ ఆ సాయంత్రం మూడు పొట్లాలు కట్టించి, ఒకటి షెడ్డులో ఇచ్చి వెళ్లాడు.